మూసుకోని డోర్

శుక్రవారం, రాత్రి

మా షెడ్డుకు రిపేరుకొచ్చిన ఎర్ర కారు డోర్ ఈరోజు కూడా మూసుకోలేదు. పాతకాలపు స్పోర్ట్స్ కారు, పైన కప్పు లేనిది. డోర్ల కింద ఉండే ఇనుప పట్టీలే దాని బరువంతా మోస్తాయి. ఎడమవైపు పట్టీని తుప్పు తినేస్తే, మల్లేశన్న దాన్ని కోసి కొత్తది వెల్డింగ్ చేశాడు. నాకు ఈ పని నేర్పిన మనిషి. అయినా పట్టీ వంకరగా పడింది. కొలత కోసం తను గీసుకున్న గీతే ఆయనకు కనిపించలేదు.

సాయంత్రం డోర్ బిగించి చూశాను. వెనకవైపు వేలు దూరేంత సందు, ముందువైపు రేకుకు రేకు రాసుకుంటోంది.

"సక్కగ కూసుందారా?" అని అడిగాడు అన్న, కారుకు అటువైపు నిలబడి.

"అవ్ అన్నా, మంచిగ కూసుంది."

"అబద్ధం జెప్పకు. గా రాపిడి చప్పుడు నాకు ఇనవడలేదనుకున్నవా?"

ఆయన వెల్డింగ్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"కండ్లద్దాలు మార్చినా ఇగ సూపు రాదన్నడు దవాఖానల డాక్టరు. మా ఇంట్ల ఇంకా తెల్వదు. నువ్వు జెప్పకు."

చెప్పనన్నాను. ఈ పని తప్ప ఆయనకు వేరే ఏం తెలుసు? రేపటి నుంచి ఏం చేస్తాడు?

అన్న పట్టీని చేత్తో తడిమి అడిగాడు, "మల్ల కోసి సక్కగ వెడ్తే అయితది గదరా?"

కాదు. పట్టీని ఆనుకున్న కారు అడుగు రేకు కూడా చిల్లులు పడిపోయింది. మళ్లీ కోస్తే వెల్డింగ్ పట్టుకోవడానికి మంచి ఇనుమే లేదు.

"అయితది అన్నా" అన్నాను.

ఈసారి నమ్మాడు.