తలుపు వెనక గొంతు

గ్రాటన్,
మే 6

ప్రియమైన రాయిస్‌కి,

నీ లిడియా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మన ఇనెస్, మీ అమ్మ ముగ్గురం కులాసాగా ఉన్నాం. నువ్వూ, నీతోపాటు నీళ్ళ కింద ఉన్నవాళ్ళందరూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. మీ జలాంతర్గామికి పంపే పొట్టి సందేశాల్లో ఇంతకు మించి రాయడానికి లేదు కదా. చెడ్డ వార్త ఏదైనా రాస్తే పైవాళ్ళు ఆపేస్తారని, ఇన్నాళ్ళూ "అందరం బాగున్నాం, ఇనెస్ పాడుతోంది" అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను. అవి అబద్ధాలని కాదు గాని, వాటిలో సగం సంగతి లేదు. ఈ ఉత్తరం మీరు రేవుకి చేరాకే చేతికిస్తారట, ఎవరూ కత్తిరించరట. అందుకే టీ పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నాను.

ముందు నీ ఉత్తరంలోని ప్రశ్నలు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ బాగయింది. బాగుచేసింది నేనే, నవ్వకు. మీ అమ్మ మోకాలు చూసి డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు, దాంతో అమ్మ డాక్టర్ని మార్చింది. ఆదివారం ఆదివారం పెద్ద గిన్నెడు కేల్ ఆకుకూర సూప్ కాచి, "వాడు అక్కడ డబ్బా తిండి తింటుంటే మనకిది గొంతు దిగుతుందా" అంటూ రెండుసార్లు వడ్డించుకుంటోంది. నా డ్రైవింగ్ స్కూల్ బాగానే నడుస్తోంది. అరవై ఏళ్ళ పళ్ళ డాక్టరు ఒకాయన కొత్తగా నేర్చుకుంటున్నాడు. మొన్న మనింటి ముందే బండి వెనక్కి తిప్పుతూ పోస్టు డబ్బాని గుద్దేశాడు. నీ ఉత్తరం పక్కింటివాళ్ళకి చేరి, రెండు రోజులు ఆలస్యంగా నా చేతికొచ్చింది. ఆయన చేతే కొత్త డబ్బా పాతించాను.

ఇక అసలు సంగతికొస్తాను. నువ్వు ఉత్తరం చివర ఒక ప్రశ్న రాసి, కొట్టేసి, మళ్ళీ రాశావు. "అది నిజంగానే బాగా పాడుతుందా లిడియా, లేక మన పిల్ల కాబట్టి మనకలా అనిపిస్తుందా?" అని. ఇదే ప్రశ్న నాకూ రెండేళ్ళుగా ఉంది. పైకి అనే ధైర్యం నీకు వచ్చింది, నాకు రాలేదు. ఇప్పుడు జవాబు చెప్పగలను, కాని దానికి కొంచెం వెనక నుంచి రావాలి.

కాలేజీలకి పంపే వీడియోలు తీసినప్పుడు నువ్వు ఇంట్లోనే ఉన్నావు. కెమెరా వెనక నుంచి నువ్వు ప్రేమికుడి మాటలు చదవాలి, ముందు నిలబడి అది జవాబివ్వాలి. నువ్వేమో ఆ మాటలన్నీ సోనార్ గదిలో నీళ్ళ చప్పుళ్ళు విని కెప్టెన్‌కి రిపోర్టు ఇస్తున్నట్టు చదివావు. "నాన్నా, ఇందులో నువ్వు నన్ను ప్రేమిస్తున్నావు, శత్రు ఓడని చూడట్లేదు" అని అది నేలమీద పడి నవ్వింది. ఆ రోజే కదా మీరిద్దరూ చేతులు కలుపుకుని ఒప్పందం చేసుకున్నది. వసంతం నాటికి ఏ కాలేజీలోనూ పాడుతూ నటించడం నేర్పే మ్యూజికల్ థియేటర్ కోర్సులో సీటు రాకపోతే, మారుమాట లేకుండా స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చేరాలని. దాని లెక్కల మార్కులకి ఆ సీటు ఎలాగూ వచ్చేసింది. నువ్వు సంతోషంగా సముద్రానికి వెళ్ళిపోయావు.

ఫిబ్రవరిలో న్యూయార్క్ వెళ్ళాం. కాలేజీలన్నీ ఒకే భవనంలో గదులు తీసుకుని ఆడిషన్లు పెట్టాయి. ఆ వసారాలు నువ్వు చూడాల్సింది. గోడ పొడుగునా పిల్లలు పెదాలు బుర్రుమనిపిస్తూ గొంతు సవరించుకుంటున్నారు. తల్లిదండ్రులం కోట్లు, బూట్లు, ఆవిరి పట్టే మిషన్లు ఒళ్ళో పెట్టుకుని, ఎవరి పిల్లల్ని ఎవరు లోపలికి పిలుస్తారా అని చెవులు రిక్కించి కూర్చున్నాం. లోపలికెళ్ళిన పిల్లలు పియానో ఆయనకి వేగం చూపించడానికి చిటికెలు వెయ్యకూడదట, అది కుక్కని పిలిచినట్టు ఉంటుందట. మెల్లగా ఒక వరస పాడి చూపించాలి. మన ఇనెస్ చిటికె వెయ్యకుండా ఉండడానికి ఆ చేతిని జేబులో కుక్కుకుని లోపలికెళ్ళింది. నా బండిలో అయితే పక్క సీట్లో నా కాలికింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. అక్కడ నాకు ఏమీ లేదు, కుర్చీ తప్ప.

రెండో రోజు మధ్యాహ్నం ఒక కాలేజీ వాళ్ళకి తను సిద్ధం చేసుకున్న రెండు పాటలూ పాడి వచ్చింది. "ఎలా పాడావే?" అంటే "బాగానే" అంది. ఆ "బాగానే" ఎలాంటిదో నీకు తెలుసు. తర్వాత డాన్సు చూపించడానికి పై అంతస్తుకి వెళ్ళింది. నేను సామాన్లకి కాపలాగా కిందే ఉండిపోయాను. నా పక్కన ఒహాయో నుంచి కొడుకుని తీసుకొచ్చిన వెండెల్ అనే ఆయన ఉన్నాడు. ట్రాక్టర్ల విడిభాగాలు అమ్ముతాడు. ఇద్దరం ఒక పాకెట్ బిస్కట్లు పంచుకు తింటున్నాం.

అప్పుడు మా ఎదురుగా మూసిన తలుపు వెనక నుంచి ఒక పాట మొదలైంది. పియానో లేదు. ఎవరో పిల్ల, బాగా కింది స్వరంలో, తొందరలేకుండా పాడుతోంది. ఆ పాట నేనెప్పుడూ వినలేదు. ఎవరినో రమ్మని పిలిచే పాటే గాని, వాళ్ళిక రారని తెలిసి పాడుతున్నట్టు ఉంది. వసారాలో బుర్రుమంటున్న పిల్లలు ఒక్కొక్కళ్ళే నోళ్ళు మూశారు. నా ఒళ్ళు జల్లుమంది. వెంటనే కడుపు మండిపోయింది రాయిస్. ఇలాంటివాళ్ళు వస్తే మన పిల్లని ఎవరు చూస్తారు?

"ఎవరి కూతురో గాని, ఒక్క వారం దీని గొంతు పట్టేస్తే పీడా పోను!" అన్నాను. మనసులో అనుకున్నాననుకున్నాను, పైకే అనేశాను.

వెండెల్ బిస్కట్ నములుతూ, "ఒక వారం ఏం చాలుతుందండీ? మావాడికి ఇంకా అయిదు ఆడిషన్లున్నాయి. రెండు వారాలు చెయ్యండి" అన్నాడు.

"సరే, రెండు."

పాట అయిపోయింది. తలుపు తెరుచుకుంది. నీళ్ళ సీసా పట్టుకుని మన ఇనెస్ బయటికొచ్చింది.

డాన్సుకని మెట్లెక్కుతుంటే ఆ కాలేజీ టీచరు ఒకావిడ ఆపి, ఇంకో పాట నేర్పిస్తాను పాడి చూపిస్తావా అని అవతలి తలుపులోంచి మళ్ళీ లోపలికి తీసుకెళ్ళిందట. అది నాకేం తెలుసు? నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. "మీకు తెలిసిన పిల్లా?" అన్నాడు వెండెల్. "నా కూతురండీ" అన్నాను. ఆయన తలమీంచి టోపీ తీసి, "అయితే నేను కలిపిన వారం నేను వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ, మీ వారం మీరు చూసుకోండి" అన్నాడు. ఆ రాత్రి నుంచి మూడు రోజులు దానికి గంటకోసారి తేనె కలిపిన టీ తాగించాను. "నాకేం జలుబు లేదే అమ్మా" అని అది మొత్తుకుంటున్నా వినలేదు.

కనపడని దాన్ని చెవితో పట్టుకుని ఇది ఫలానా అని చెప్పడం నీ ఉద్యోగం. నువ్వయితే ఒక్క ఊపిరిలో గుర్తుపట్టేవాడివి, నేను కన్నతల్లినై ఉండీ పోల్చలేకపోయాను. కాని పోల్చలేకపోవడం వల్లే నీ ప్రశ్నకి జవాబు దొరికింది. మన పిల్ల అని తెలియకుండా నేను దాన్ని విన్నది ఆ ఒక్కసారే. విని, దానికి శాపం పెట్టాను. అది నిజంగానే పాడుతుంది రాయిస్. మన ప్రేమకి ఇందులో ఏ పాత్రా లేదు.

ఇప్పుడు దాచిపెట్టింది చెబుతాను. కూర్చుని చదువు.

ఆగస్టులో కాలేజీకని ఏ ఊరు చేరుతుందని అడిగావు. ఏ ఊరూ చేరదు. మార్చిలో ఒకదాని తర్వాత ఒకటి అన్నీ కాదన్నాయి. ఆ తలుపు వెనకున్న కాలేజీ మాత్రం వెయిటింగ్‌లో పెట్టి, ఏప్రిల్ చివర సీట్లు నిండిపోయాయంది. ఆ రోజు అది ఏడవలేదు. మర్నాడు పొద్దున స్టేట్ యూనివర్సిటీ పేరున్న స్వెట్‌షర్ట్ వేసుకుని కిందికొచ్చి, టోస్టుకి వెన్న రాసుకుంటూ, "మే ఒకటికల్లా సీటు ఖాయం చెయ్యాలమ్మా. ఈ సాయంత్రం చేసేద్దాం" అంది. ఆ చొక్కా ఎప్పుడు తెప్పించుకుందో నాకు తెలియదు.

అది ఒప్పందానికి కట్టుబడింది. తప్పించింది నేను. ఇది నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి.

"ఆ చొక్కా తీసెయ్" అన్నాను.

"నాన్నకి మాటిచ్చాను."

"నాన్నతో నేను మాట్లాడుకుంటాను."

"నువ్వెవరివి మాట్లాడుకోడానికి? చెయ్యి కలిపింది నేను. ఆయన నీళ్ళ కింద ఉన్నాడు కదా అని వెనకనుంచి మాట తప్పమంటావా? ఎవరూ తీసుకోలేదమ్మా నన్ను! నువ్వు చూశావుగా? ఇంకెన్నాళ్ళు నాకు తేనె టీలు తాగిస్తావ్?"

దాంతో తేనె టీల కథ చెప్పక తప్పలేదు. వెండెల్ సంగతీ, శాపం సంగతీ అన్నీ చెప్పాను. అది వెన్న రాసే కత్తి పట్టుకునే వింటోంది. టోస్టు చల్లారిపోయింది.

"నా గొంతు పట్టేయాలని తిట్టావా?"

"రెండు వారాలు."

"నిజంగా?"

"మనస్ఫూర్తిగా తిట్టానే. ఇంకెవరి పిల్లనీ అంత కచ్చగా తిట్టలేదు."

నవ్వుతుందనుకున్నాను. బల్లమీద తల పెట్టుకుని భోరుమంది. మార్చి నుంచి ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుంటూ, ఆ గదిలో జరిగిన ఒక విషయం చెప్పింది. మనం బాధపడతామని ఇన్నాళ్ళూ దాచిందట. ఆ టీచరు దాన్ని, "ఇందాక పాడిన ఆ సరదా పాటలు రెండూ నీకెవరు ఎంచారు?" అని అడిగిందట. "అమ్మా నాన్నా" అందట ఇది. "అనుకున్నాను" అని ఆవిడ ఇంకేం మాట్లాడకుండా కింది స్వరం పాట చేతికిచ్చిందట.

రాయిస్, ఆ పాటలు మనమే ఎంచాం. నువ్వు గిన్నెలు కడుగుతూ ఈల వేసే పాట ఒకటి, నేను బండిలో పెట్టుకునే పాట ఒకటి. పదేళ్ళప్పుడు స్కూల్లో గంతులేస్తూ పాడిన పిల్లే మన కళ్ళకి ఇంకా కనపడుతోంది. అది పెద్దదైంది, దాని గొంతు కిందికి దిగింది, మనకి వినపడలేదు. అన్ని కాలేజీల ముందూ అది మన ముద్దు పాటలు పాడి, కాదనిపించుకుని ఇంటికొచ్చింది. మన మాట పోకూడదని నోరు మెదపలేదు. ఇంత తెలిశాక ఆ సీటు ఎలా ఖాయం చెయ్యమంటావు?

మీ అమ్మ అంతసేపూ పొయ్యి దగ్గర నిలబడి వింది. చివరికి, "ఇంజనీరింగ్ ఎక్కడికి పోతుందే, వచ్చే ఏడూ ఉంటుంది. ఆ చొక్కా మాత్రం బాగుంది, ఉంచుకో" అంది.

మే ఒకటి దాటిపోయింది. సీటు వదిలేశాం. అది ఈ ఏడాది పొద్దున పూట నా ఆఫీసులో ఫోన్లు ఎత్తుతుంది. సాయంత్రాలు పక్కనున్న మిస్టిక్‌లో ఒక టీచరు దగ్గర పాట నేర్చుకుంటుంది. చలికాలంలో మళ్ళీ ఆడిషన్లకి వెళ్తాం. ఎక్కడో ఒక చోట దానికి సీటు వస్తుంది. దాని తల్లిని కాబట్టి అనడం లేదు, అంత కచ్చగా తిట్టినదాన్ని కాబట్టి అంటున్నాను.

ఒకటే మిగిలింది. అది నాకో షరతు పెట్టింది. "నాన్న వద్దంటే జనవరిలో ఇంజనీరింగ్‌కి దరఖాస్తు పెడతాను, నువ్వు అడ్డు రాకూడదు" అంది. ఒప్పుకున్నాను. కోపం తెచ్చుకునే హక్కు నీకుంది, కాని తెచ్చుకుంటే అదంతా నా మీద చూపించు. ఇంటికొచ్చాక ఎన్ని రోజులైనా పడతాను. దాన్ని ఒక్క మాట కూడా అనకు.

ఈసారి మీ రేవులో ఫోన్లు ఉంటాయని చెప్పారు. నువ్వు ఈ ఉత్తరం చదివి ఫోన్ చేస్తావని దానికి తెలుసు. మోగితే నేను తీయను, అదే తీస్తుంది. నువ్వు ఏమంటావోనని మాట్లాడకుండా నిలబడుతుంది. ఓదార్చకు, పరవాలేదులే అనకు, ఒప్పందం సంగతి ఎత్తకు. ఈసారి ఏం పాడుతున్నావని అడుగు. అడిగి, అది చెప్పేదాకా ఆగు.

ఇట్లు,
ఇనెస్ వాళ్ళమ్మ,
నీ లిడియా