బోరాక్ కంపెనీ ఓడ

నల్లగొండ
ఆగస్టు 1997, మంగళవారం రాత్రి

చిట్యాలలో లారీ బాడీలు కట్టే సలీం సాయంత్రం మా కంప్యూటర్ సెంటర్‌కు వచ్చి మళ్లీ ఆ అంతరిక్షం ఆటే ఆడాడు. అందులో మొండి ఓడలు తయారుచేసే బోరాక్ కంపెనీ అంటే వాడికి పిచ్చి. ఇవాళ వాడి ఓడ పెద్ద బండను గుద్దింది. ఓడకు గీత కూడా పడలేదు. నడిపేవాడు మాత్రం చచ్చిపోయాడని తెర మీద వచ్చింది.

సలీం చప్పట్లు కొట్టాడు. "చూసినవా అన్నా, బండికేం కాలే! మా తమ్ముని లారీకి గిట్లనే కట్టిన. క్యాబిన్‌కు కట్టె తీసేసి అంత ఇనుమే పెట్టిన."

కట్టె అయితే తాను విరిగి మనిషిని కాస్తుందని ఒకప్పుడు చెప్పింది వాడే. అదే గుర్తుచేశాను.

"ఫికర్ జేయకు" అని నవ్వాడు. తమ్ముడు పొద్దున్నే సరుకుతో విజయవాడ రోడ్డెక్కాడట.

బయట వాన ఆగడం లేదు. బండికేం కాదని నాకూ తెలుసు.