చదవని పేరా

తిరువూరు,
12-2-1976.

ప్రియమైన అక్కకు,

దేవుని దయవల్ల అమ్మా నేనూ కుదురుగా ఉన్నాం. మద్రాసు ఆసుపత్రిలో నీ నైట్ డ్యూటీలు అయిపోయాయని చదివి వినిపిస్తే అమ్మ సంతోషించింది. విస్సన్నపేట మామిడితోటల్లో పూత ఎలా ఉందని అడిగావు. బెజవాడ వెళ్తూ బస్సులోంచి చూశాను. బాగానే ఉంది.

అమ్మ చేతికి రెండు సూదిమందుల్లో ఏది మేలు చేసిందో వివరంగా రాయమన్నావు.

ఎర్రమందు ఆదిశేషయ్య డాక్టరు గారు ఇచ్చింది. వారానికొకటి, జబ్బకు. "నరాల నీరసమమ్మా, ఈ విటమిను పడితే అదే సర్దుకుంటుంది" అనేవారు. ఆ రోజుకు అమ్మకు హాయిగా ఉండేది. తెల్లవారేసరికి మళ్లీ వేళ్లు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలించుకుంటూ లేచేది. ఏడాదిలో నలభై దాటాయి.

తెల్లమందు బెజవాడలో వేశారు. పోయిన నెల అన్నం గిన్నె చేతిలోంచి జారి కాలిమీద పడ్డాక తీసుకెళ్లాను. మణికట్టులోకి ఒక్కటే సూది. మూడు రోజులు బాగా నొప్పెట్టింది. తర్వాత తిమ్మిరి పోయింది. అమ్మ పొద్దెక్కేదాకా నిద్రపోయింది. నేను పక్కన కూర్చుని చూశాను.

తెల్లమందే మేలు, నువ్వు చెప్పినట్టే. కానీ వేళ్లలో పట్టు రాలేదక్కా. బొటనవేలి కింద కండ కరిగి గుంటపడింది. మణికట్టులో నరం చాలాకాలం నలిగిందనీ, ఆపరేషను చేసినా పోయిన కండ రావడం అనుమానమేననీ, ఏడాది ముందు తెస్తే ఎంతో బాగుండేదనీ అక్కడి డాక్టరు గారు అన్నారు. బసవపున్నయ్య గారి టైలరు షాపు జాకెట్లకు అమ్మ ఇక కాజాలు కుట్టలేదు. సూది ఎప్పుడు జారిందో వేళ్లకు తెలియడం లేదు. మిగిలిన జాకెట్లు నిన్న తనే మడిచి తిరిగి పంపేసింది. ఇరవై ఏళ్ల పని.

ఏడాది ముందు అన్న మాటకు అమ్మ ఆయనతో, "మాకు తెలీదండి" అంది.

నాకు తెలుసు.

నిరుడు జనవరిలో నువ్వు రాసిన ఉత్తరంలో ఒక పేరా ఉంది. ఎర్రమందు మాన్పించమనీ, మీ వార్డులో మణికట్టుకు సూది వేయించుకున్న చాలామందికి గుణం కనిపిస్తోందనీ, ఆలస్యం చేయకుండా బెజవాడ తీసుకెళ్లమనీ. అమ్మకు చదువు రాదు. నీ ఉత్తరాలన్నీ నా గొంతుతోనే వింటుంది. ఆ పేరా నేను చదవలేదు. దాటి కిందికి వెళ్లిపోయాను. సూది నరానికి తగిలితే చెయ్యి పడిపోతుందని కాన్వెంటు లైబ్రరీలో ఏదో పుస్తకంలో చదివాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. అంత పెద్ద ఆసుపత్రిలో కొత్త డాక్టర్లతో మాట్లాడవలసింది నేను. అందుకు భయపడ్డాను. నీకు మాత్రం, అమ్మే రానంటోందని రాశాను.

ఇంతవరకు రాసి, ఇప్పుడే అమ్మకు చదివి వినిపించాను. ఒక్క మాట వదలలేదు. ఆమె ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్లోకి తీసుకుంది. తర్వాత, "ఆ పేరా కొట్టేసెయ్యవే. అక్క బాధపడుద్ది" అంది.

కొట్టేయలేదు.

ఇట్లు,
నీ చెల్లెలు
ప్రేమకుమారి