కఫీల్ ముఖంతో నడిచే బండి

జెద్దా,
శుక్రవారం

తమ్ముడు రాజలింగానికి,

నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్‌కు ఇంకో డ్రైవరు కావాలని నిన్ను రమ్మన్నది నేనే. ఇప్పుడు రావద్దంటున్నదీ నేనే.

నీకొక సంగతి దాచాను. ఇక్కడ కిరాయి యాప్‌లో సొంత కారు తిప్పే లైసెన్సు సౌదీవాళ్లకే ఇస్తారు. అందుకే లైసెన్సు కఫీల్‌ది, స్టీరింగు నాది. పొద్దున్నే ఫోను డ్రైవరు ముఖం చూపించమంటుంది. నేను తలుపు కొడితే ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టి, ముఖం చూపించి మళ్లీ పడుకుంటాడు. రెండేళ్లు నవ్వుకుంటూనే నడిపాను.

మొన్న ఆస్పత్రి దగ్గర ఒక నర్సమ్మ ఎక్కింది. ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే సంబరపడి, "ఏ ఊరు చెల్లె మనది?" అన్నాను. ఆమె యాప్‌లో ఫోటో చూసి, నన్ను చూసి, "ఇందులో ఉన్నది మీరు కాదు కదండీ. మరి నేనెవరి బండి ఎక్కినట్టు?" అంది. మిట్టమధ్యాహ్నం ఎండలో దిగిపోయింది.

నిన్న కఫీల్‌కు తాళంచెవి ఇచ్చేశాను. నా వీసా టాక్సీ కంపెనీకి మార్చమన్నాను. అక్కడైతే మన పేరు మీదే డ్రైవరు కార్డు ఇస్తారు. ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికి పంపుతానన్నాడు. కొట్టమన్నాను. మీ వదినకు నేనే చెబుతాను, నువ్వు నోరు జారకు.

పాస్‌పోర్టు ఏజెంటుకు ఇచ్చి ఉంటే ఇవాళే పోయి తెచ్చుకో. నా ఫోటో ఉన్న కార్డు బండిలో తగిలించిన రోజు నీకు కబురు పెడతాను. ఆ కార్డు రాకపోతే నేనే వస్తాను. జగిత్యాల స్టాండులో ఆటో పెట్టుకుందాం. ఎక్కినవాళ్లకు ఎవరి బండి ఎక్కారో తెలుస్తుంది.

నీ అన్న