యాదగిరి కుడి చెవి

మంగళవారం, రాత్రి

ఆటో స్టాండులో వెనక కుడి పక్క నుంచి నేను పోలీసు గొంతుతో "ఏయ్, బండి తియ్!" అని అరిస్తే ఎగిరిపడే యాదగిరి వారం నుంచి తిరిగి కూడా చూడడం లేదు. కొత్త ఆటో కొన్నాక వెధవకు పొగరెక్కిందనుకున్నాను. ఇవాళ వాడి భార్య చెప్పింది: "అన్నా, ఆయనకు కుడి చెవి ఇనపడ్తలేదు. దవాఖానకు రమ్మంటే ఒస్తలేడు."

ఎల్బీనగర్ చౌరస్తాలో లారీ హారన్ ఎలా వింటాడో...

ఇప్పుడు వాడి గురించి ఏం నమ్మాలని కాలేజీలో లాజిక్ చదివే నా బిడ్డను అడిగాను. "కొత్త సంగతి తెలిస్తే పాతయన్నీ పారెయ్యొద్దు నాయినా. దాంతోటి పొసగనిదే తీసెయ్యాలె."

సరే, పొగరు తీసేశాను. మొదట్నుంచీ మొండోడన్నది, పోలీసంటే హడలన్నది ఉంచుకున్నాను. అందుకే రేపు బతిమాలేది లేదు. ఆటో ఎక్కి, పోలీసు గొంతుతోనే దవాఖానకు పోనిమ్మంటాను. ఈసారి ఎడమ చెవిలో.