అడిగి ఆపించుకున్న లారీ

అన్నయ్యా,

మా తనిఖీలకు భయపడి డ్రైవర్లు బండ్లు బాగుచేసుకుంటున్నారా, దారి మార్చుకుంటున్నారా? రోడ్డు మీద లారీలు ఆపి చూసే ఈ ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఇదే ప్రశ్న. మేము కులాసా.

నిన్న ఒక పెద్దాయన తనంతట తనే లారీ ఆపాడు. "నన్నెవరూ ఆపరు మేడమ్. ఒక్కసారి చూసి, బండి బాగుందని రాయండి. బండి భద్రతకిచ్చే స్కోరు పెరిగితే కంపెనీలు మంచి లోడు ఇస్తాయి" అన్నాడు. తీరా చూస్తే బ్రేకుల గాలి పైపు ఒరుసుకుని తెగడానికి సిద్ధంగా ఉంది. బండిలో తప్పుందని రాశాను.

"కొరివితో తల గోక్కున్నానే!" అని నెత్తి కొట్టుకున్నాడు.

"స్కోరు మళ్లీ పెరుగుతుంది బాబాయ్. దిగుడులో బ్రేకు పడకపోతే?"

"పైపు మారుస్తానులేమ్మా. ఇంకెప్పుడూ అడిగి మాత్రం చూపించుకోను."

మార్చాకే కదలనిచ్చాను.

వచ్చే లోడుకి నువ్వు ఈ దారినే వస్తున్నావట, వదిన చెప్పింది. బయల్దేరేముందు మెకానిక్‌కి నీ గాలి పైపులు చూపించు. అన్నవని వదలను, ఆపి తీరతాను. అమ్మ కళ్లద్దాలు మార్పించావా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? మోకాలికి కాపడం మానొద్దని వదినకు చెప్పు. పిల్లలిద్దరికీ నా ముద్దులు, అమ్మకు నమస్కారం.

ఆ పైపు మార్పించిన విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. తనంతట తనే వచ్చి చూపించుకున్న మనిషికి తప్పు రాయాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లి