ముందు పుట్టిన చెల్లెలికి

అక్కా,

మన పుట్టినరోజని అమ్మ ఈసారీ ఒకేలాంటి చుడీదార్లు రెండు తెచ్చింది. నువ్వు పోయి మూడేళ్లయినా మానలేదు. "రెండోది ఎవరికమ్మా?" అని పొద్దున్నే కసిరాను.

తర్వాత పార్సిప్పనీలో మా ఇంటి నుంచి అమ్మనీ, మా ఆఫీస్‌లో పనిచేసే ఫొలాకేనీ కార్‌లో మ్యూజియానికి తీసుకెళ్లాను. ఫొలాకే వాళ్లది నైజీరియా, యోరుబా జాతివాళ్లు.

అక్కడ అద్దాల పెట్టెలో జానెడు చెక్కబొమ్మ ఉంది. ముఖం నున్నగా ఉంది, కళ్లూ ముక్కూ సరిగ్గా కనపడవు. "ఫినిష్ చేయకుండా వదిలేశారా?" అన్నాను. కాదంది ఫొలాకే. వాళ్లలో కవలల్లో ఒకరు పోతే ఇలాంటి బొమ్మ చెక్కించేవారట. తల్లి దానికి నీళ్లు పోసి, బట్ట కట్టి, నోటికి ముద్ద తాకించేదట. ముఖం అరిగింది ఆ తల్లి చేతుల కిందేనట.

అమ్మకు తెలుగులో చెప్పాను. "పోసేది వేన్నీళ్లేనా? ఆ అమ్మాయిని అడుగు" అంది. ఫొలాకేకి అది తెలియదు.

ఇంకో సంగతి చెప్పింది. వాళ్ల లెక్కలో కవలల్లో ముందు పుట్టినవాళ్లే చిన్నవాళ్లు. లోకం ఎలా ఉందో చూసి చెప్పమని, వెనక పుట్టే పెద్దవాళ్లే వాళ్లను ముందు పంపుతారట. అంటే ఏడు నిమిషాలు ముందు పుట్టి, ముప్పయ్యేళ్లు నా మీద పెత్తనం చేసిన నువ్వు నా చెల్లెలివి.

ఇంటికొచ్చాక చుడీదార్లు రెండూ నేనే ఇస్త్రీ చేశాను.

చెల్లీ, ఈసారి మాత్రం నిన్ను ముందు వెళ్లమని నేను చెప్పలేదు.